మూడు రాజ్యాల ఆట, గండికోట గాదె



ఈ పూట మీతో ఒక వీడియో గేమ్ గురించి మాట్లాడతాను. వీడియో గేమ్ అనగానే పెద్దవాళ్లు రేడియో కట్టేయకండి. తుపాకి పట్టుకుని కనిపించినవాణ్నల్లా కాల్చుకుంటూ పోయే ఆటలు వేరు, ఇది వేరు. పద్దెనిమిది వందల ఏళ్ల కిందటి చైనాలో ఒక సీమను మన చేతికిచ్చి, పన్నులు నువ్వే వేసుకో, గాదెలు నువ్వే నింపుకో, సేనానుల అలకలు నువ్వే తీర్చుకో, పక్క రాజుతో పొత్తో పోరో నువ్వే తేల్చుకో అంటుంది. దీని పేరు 'టోటల్ వార్: త్రీ కింగ్‌డమ్స్'. ఇంగ్లండులోని క్రియేటివ్ అసెంబ్లీ తయారుచేసింది. సేగా కంపెనీ 2019 మే 23న విడుదల చేసింది. మొదటి వారంలోనే పది లక్షల ప్రతులు అమ్ముడుపోయాయి.

నాది ప్రొద్దుటూరు. ఈ ఆట ఆడేకొద్దీ నాకు పదేపదే గుర్తొచ్చింది మన జమ్మలమడుగు పక్కనున్న గండికోట. ఎందుకు గుర్తొచ్చిందో చెప్పాలంటే ముందు ఆ చైనా కథ కొంచెం చెప్పుకోవాలి.

నాలుగు వందల ఏళ్లు చైనాను ఏలిన హాన్ వంశం రెండో శతాబ్దం చివరికి చితికిపోయింది. కరువులు, వరదలు, పన్నుల బరువు, దర్బారులో కొజ్జా ఉద్యోగుల పెత్తనం, అన్నీ ఒక్కసారే మీద పడ్డాయి. 184లో రైతులు తలలకు పసుపు గుడ్డలు చుట్టుకుని తిరగబడ్డారు. వాళ్ల నాయకుడు జాంగ్ జువె, మంత్రించిన నీళ్లతో రోగాలు నయం చేస్తానంటూ జనాన్ని కూడగట్టినవాడు. ఆ తిరుగుబాటు అణిగింది. అయితే దాన్ని అణచడానికి సైన్యాలు పోగుచేసిన సేనాపతులు పని అయిపోయాక వాటిని ఇళ్లకు పంపలేదు. 190 నాటికి దోంగ్ జువో అనే సేనాపతి పసివాడైన చక్రవర్తిని గుప్పిట్లో పెట్టుకుని రాజధానిలో ఆడింది ఆటగా సాగించాడు. తక్కినవాళ్లంతా అతని మీద జట్టు కట్టారు. మన ఆట సరిగ్గా అక్కడ మొదలవుతుంది. ఆ తర్వాత ముప్పై ఏళ్ల కొట్లాటలో ఒకరినొకరు మింగగా మూడు రాజ్యాలు మిగిలాయి. ఉత్తరాన వేయ్, పడమట షూ, దక్షిణాన వూ. 280లో జిన్ వంశం వచ్చి అన్నిటినీ ఒక్కటి చేసింది.

అదే కాలంలో మన దగ్గర శాతవాహనుల ఏలుబడి ముగిసి, కృష్ణ ఒడ్డున విజయపురిలో ఇక్ష్వాకులు నిలదొక్కుకున్నారు. రేనాటి చోళుల ధనంజయుడి పేరుతో కలమళ్లలో తెలుగు శాసనం పడడానికి ఇంకా మూడు వందల ఏళ్ల దాకా ఉంది.

ఆ మూడు రాజ్యాల మనుషుల జీవితాలను మూడో శతాబ్దంలోనే చెన్ షౌ అనే చరిత్రకారుడు రాసిపెట్టాడు. వెయ్యేళ్లు గడిచాక, పద్నాలుగో శతాబ్దపు లువో గ్వాన్‌జోంగ్ పేరు మీద ఆ కథ పెద్ద నవలగా వచ్చింది. మనకు భారతం ఎంతో చైనావాళ్లకు అది అంత. జపాను, కొరియా, వియత్నాం దేశాల్లో కూడా పిల్లలకు ఆ పేర్లు నోటికొచ్చు. దాన్ని కంప్యూటర్ ఆటగా మలచడం కూడా కొత్తేమీ కాదు. జపానులో కోయీ సంస్థ 1985లోనే మొదలుపెట్టింది.

ఈ ఆటలో రెండు దారులు పెట్టారు. ఒకటి చెన్ షౌ చరిత్ర దారి. అందులో సేనాని మామూలు మనిషి. చుట్టూ అంగరక్షకులుంటారు, బాణం తగిలితే పడిపోతాడు. రెండోది నవల దారి. అందులో ఒక్కొక్క వీరుడు వంద మందిని ఊచకోత కోస్తాడు. యుద్ధం నడుమ ఎదుటి వీరుణ్ని పేరుపెట్టి ద్వంద్వానికి పిలుస్తాడు. చుట్టూ సైన్యాలు కొట్టుకుంటుంటే వీళ్లిద్దరూ మాట మీద మాట విసురుకుంటూ తలపడతారు. ఓడినవాడి దండుకు గుండె జారిపోతుంది. రాత్రంతా కూర్చుని పద్యనాటకాలు చూసినవాళ్లకు ఇందులో కొత్తగా నేర్చుకోవలసింది ఏమీ లేదు. కర్ణుడూ అర్జునుడూ ఎదురుపడితే తక్కిన సైన్యం ఏం చేస్తోందని మనమెవరమూ అడగం కదా.

కర్ణుడంటే గుర్తొచ్చింది, గ్వాన్ యూ గురించి చెప్పాలి. నిలువెత్తు మనిషి, రొమ్ముదాకా గడ్డం, చేతిలో నెలవంక లాంటి పెద్ద కత్తి. ఇతను లియూ బే అనే నాయకుడికి ప్రాణానికి ప్రాణం. 200లో శత్రువైన త్సావ్ త్సావ్‌కు పట్టుబడ్డాడు. త్సావ్ త్సావ్ అతన్ని చెరలో పెట్టకుండా బిరుదులిచ్చాడు, బహుమతులిచ్చాడు, తన వైపు నిలుపుకోవాలని చేయగలిగినదంతా చేశాడు. గ్వాన్ యూ ఆ రుణం ఒక యుద్ధంలో తీర్చేసి, ఇచ్చినవన్నీ మూటగట్టి అక్కడే వదిలి, లియూ బే దగ్గరికి వెళ్లిపోయాడు. వెంటపడి పట్టుకుందామని తనవాళ్లంటే త్సావ్ త్సావ్ వద్దన్నాడట. ఈ ఘట్టం నవలలోనే కాదు, చెన్ షౌ రాసిన చరిత్రలోనూ ఉంది. మనుషులు ఎందుకు ఉంటారు, ఎందుకు పోతారు అనేదే ఈ ఆట తయారుచేసినవాళ్లు అందరికంటే బాగా పట్టుకున్న విషయం.

ఆట నడిచే తీరు ఇలా ఉంటుంది. ఏడాదికి ఐదు కాలాలు. వసంతం, ఎండాకాలం, కోతల కాలం, ఆకు రాలే కాలం, చలికాలం. ఒక్కో కాలం ఒక్కో వంతు. మన వంతు వచ్చినప్పుడు ఊళ్లు చక్కబెట్టుకోవాలి, సైన్యాన్ని నడపాలి, పదవులు పంచాలి. తర్వాత తక్కిన రాజులంతా తమ తమ వంతు ఆడతారు. ఒక సైన్యంలో ముగ్గురు సేనానుల దాకా ఉండొచ్చు. ఒక్కో సేనాని కింద ఆరు దళాలు. ఆ దళాలు రాజుకంటే ముందు ఆ సేనానివి. సేనాని అలిగి పోతే తన దళాలతో సహా పోతాడు. అక్కడ ఉంది తిరకాసంతా.

మా మేనల్లుడు పులివెందులలో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. సెలవుల్లో మా ఇంటికొచ్చి ఈ ఆట ఆడుతుంటే పక్కన కూర్చున్నాను. త్సావ్ త్సావ్‌గా ఆడుతున్నాడు. అంతా బాగానే సాగుతోంది. గాదెలు నిండుగా ఉన్నాయి, ఖజానాలో డబ్బుంది. ఉన్నట్టుండి, "మామా, ఆయప్ప పాయె" అన్నాడు.

"ఎవరు పాయెరా అబ్బీ?"

"మూడో సేనాని. నాలుగు దినాల నుంచి పదవి అడుగుతాండాడు. ఇయ్యలేదు. మొన్న ఆయప్ప స్నేహితున్ని కొలువులోంచి తీసేసినా కదా, అది గూడా మనసులో పెట్టుకున్యాడు. ఇప్పుడు దండంతా ఎత్తుకోని పాయె."

తెరమీద ఆ సేనాని బొమ్మ పక్కన ఒక పట్టీ ఉంది. అతని సంతృప్తి ఎంత, ఎందుకు తగ్గింది అన్నది వరసగా రాసి ఉంది. పెద్ద పదవి ఆశించాడు, దొరకలేదు, ఇంత తగ్గింది. మిత్రుడికి అవమానం జరిగింది, ఇంత తగ్గింది. తనకు గిట్టనివాడు అదే కొలువులో ఉన్నాడు, ఇంత తగ్గింది. గెలిచిన యుద్ధాల వల్ల ఇంత పెరిగింది. కూడితే సున్నాకు ఎంతో కింద తేలింది. వాడు ఆ పట్టీని అంతకుముందు చూడలేదని కాదు. ఎంత సేపూ సరిహద్దు మీద కన్నుంచినవాడికి కొలువులో ఏం జరుగుతున్నదీ పట్టలేదు. ఆ పోయిన సేనాని రెండేళ్ల తర్వాత ఎదుటి రాజు సైన్యం ముందు నిలబడి కనిపించాడు. గుర్రం అదే, కవచం అదే.

రాజులతో బేరం కూడా ఇందులో చాలా బాగుంటుంది. సంధి కావాలంటే ఎదుటివాడి మనసులో ఉన్న లెక్క మనకు అంకెల్లో కనబడుతుంది. నువ్వు అడిగేదానికి ఇంత, నువ్వు ఇచ్చేదానికి ఇంత, పాత పగకు ఇంత అని. మనం కొంత ధాన్యం వేస్తాం, ఇంకా దిగడు. ఒక మంచి గుర్రాన్ని చేరుస్తాం, కొంచెం కదులుతాడు. పిల్లనిస్తామంటే ఒప్పుకుంటాడు. మా ప్రొద్దుటూరు బంగారు అంగళ్లలో తరుగు దగ్గర బేరమాడినట్టే ఉంటుంది, గురిగింజ ఎత్తు అటూ ఇటూ అయితే చాలు తక్కెడ మొగ్గుతుంది. అయితే ఈ లెక్కలో డబ్బుతో కొనలేనిది ఒకటుంది. ఒకసారి మాట తప్పినవాడి పేరు పక్కన ఆ మచ్చ చాలా ఏళ్లు అలాగే ఉండిపోతుంది. వాడు ఎంత ఇస్తానన్నా అవతలివాళ్ల అంకె సగానికి సగం పడిపోతుంది.

ఇక ధాన్యం. ఆటలో ప్రతి సైన్యానికీ వెంట మోసుకెళ్లే తిండి లెక్క ఉంటుంది. సొంత సీమలో ఉన్నంతకాలం నిండుతుంది. పరసీమలో అడుగుపెట్టిన దగ్గరనుంచి వంతు వంతుకూ తరుగుతుంది. అది అయిపోతే కత్తి తగలకుండానే మనుషులు రాలిపోతారు. మొదట్లో ఇదొక చాదస్తంలా అనిపించవచ్చు. చరిత్ర చదివితే ఆట చేసినవాళ్లు ఎందుకు అంత పట్టుబట్టారో తెలుస్తుంది.

200లో గ్వాన్‌దూ దగ్గర జరిగిన యుద్ధమే తీసుకోండి. ఒకవైపు యువాన్ షావ్, ఉత్తరాన అందరికంటే పెద్ద దొర, పెద్ద సైన్యం. ఇటువైపు త్సావ్ త్సావ్, తక్కువ బలగం, అడుగంటుతున్న గాదెలు. నాలుగేళ్ల ముందు, 196లో, ఈ త్సావ్ త్సావే దిక్కులేని జనాన్ని బీడు భూముల్లో దించి సర్కారు సేద్యం మొదలుపెట్టించాడు. దాంతో కొన్నాళ్లు నెట్టుకొచ్చాడు. ఇప్పుడు అదీ చాలడం లేదు. వెనక్కి మళ్లుదామా అని తన మంత్రికి జాబు కూడా రాశాడు, మంత్రి వద్దన్నాడు. సరిగ్గా అప్పుడు యువాన్ షావ్ కొలువులో షూ యౌ అనే సలహాదారుకు మనసు విరిగింది. చెప్పిన సలహా దొర వినలేదు. పైగా ఇంటివాళ్లను ఏదో నేరం మీద పట్టుకుని లోపలేశారు. ఆయన నేరుగా త్సావ్ త్సావ్ గుడారానికి వచ్చేశాడు. వచ్చాడని వినగానే త్సావ్ త్సావ్ చెప్పులైనా వేసుకోకుండా ఎదురు పరుగెత్తాడట.

షూ యౌ కూర్చున్న వెంటనే అడిగిన మొదటి ప్రశ్న, నీ దగ్గర తిండి ఎన్నాళ్లకుంది అని. ఏడాదికి ఉందన్నాడు త్సావ్ త్సావ్. అబద్ధం, మళ్లీ చెప్పు అన్నాడు. ఆరు నెలలకు అన్నాడు. నీకు గెలవాలని లేదా, నిజం చెప్పవేం అని గద్దించాడు. అప్పుడు బయటపడింది, ఒక్క నెలకే ఉందని. అప్పుడు షూ యౌ తన పాత దొర ధాన్యమంతా వూచావ్ అనే చోట ఉందని, కాపలా అంతంతమాత్రమేనని చెప్పాడు. త్సావ్ త్సావ్ ఐదు వేల మందిని వెంటబెట్టుకుని రాత్రికి రాత్రి వెళ్లి ఆ గాదెలకు నిప్పుపెట్టాడు. యువాన్ షావ్ అంత పెద్ద సైన్యం చెల్లాచెదురైంది. చైనా ఉత్తరభాగం ఎవరిదన్నది ఆ రాత్రితో తేలిపోయింది.

ఒక గాదె, మనసు నొచ్చిన ఒక మనిషి. ఇప్పుడు గండికోటకు వస్తాను.

జమ్మలమడుగు నుంచి వెళ్లి కోటలో అడుగుపెట్టినవాళ్లు ముందు లోయ దగ్గరికి పరుగెత్తుతారు. ఎర్రమల కొండల్ని చీల్చుకుని పెన్న పారే చోటు అది, చూడవలసిందే. వెనక్కి వచ్చేటప్పుడు జామా మసీదుకు పక్కనే ఉన్న ధాన్యాగారం దగ్గర కాసేపు ఆగండి. ఎత్తయిన రాతి గోడలు, కమాను కప్పు. లోపల నిలబడి చిన్నగా మాట్లాడినా మాట గోడలకు తగిలి తిరిగొస్తుంది. కోట కట్టినవాళ్లకు లోయ ఎంత ముఖ్యమో ఈ గది అంత ముఖ్యం. లోయ శత్రువును బయట ఆపుతుంది. ఈ గది లోపలివాళ్లను నిలబెడుతుంది. 1652లో ఇక్కడికొచ్చిన ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే కూడా కొండమీది మైదానంలో వరి, చిరుధాన్యాలు పండిస్తున్నారని, ఊటల నీళ్లతో తడుపుతున్నారని గమనించి రాసుకున్నాడు.

అతను రావడానికి రెండేళ్ల ముందే, 1650లో, కోట పెమ్మసాని నాయకుల చేతుల్లోంచి పోయింది. గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా తరఫున మీర్ జుమ్లా వచ్చి ముట్టడించాడు. ఫిరంగుల్ని కొండమీదికి లాగించాడని, అందులో డచ్చివాళ్ల కొలువు వదిలొచ్చిన ఫ్రెంచి గోలందాజుల పాత్ర ఉందని టావెర్నియే రాశాడు. మన ప్రాంతంలో జనం చెప్పుకునే కథలో ఫిరంగులు తక్కువ, మోసం ఎక్కువ. సంధి పేరుతో వచ్చిన మధ్యవర్తి కోట నాయకుడు చిన్న తిమ్మానాయుడికి విషం పెట్టించాడని చెప్తారు. రెండు కథల్లోనూ కోట గోడ తనంతట తాను ఓడిపోలేదన్నది మాత్రం ఒక్కటే.

మీర్ జుమ్లా ఎవరు? ఇరాన్ నుంచి వచ్చిన వజ్రాల వర్తకుడు. గోల్కొండలో అంచెలంచెలుగా ఎదిగి మంత్రి అయ్యాడు, సేనాపతి అయ్యాడు. టావెర్నియే తన దగ్గరున్న ముత్యాలు చూపించడానికి గండికోటలో ఇతని గుడారానికి వెళ్లాడు. అప్పుడు చూసినదాన్ని ఆయన రాసుకున్న తీరు చదివితే మనిషి కళ్లముందుకొస్తాడు. మీర్ జుమ్లా ఒట్టికాళ్లతో నేలమీద కూర్చున్నాడు. కాలివేళ్ల సందుల్లో ఉత్తరాలు. ఎడమచేతి వేళ్ల మధ్య ఇంకొన్ని ఉత్తరాలు. కాసేపు కాలి దగ్గరిది, కాసేపు చేతి దగ్గరిది తీసి చదువుతాడు. ఇద్దరు రాయసగాళ్లకు జవాబులు చెప్పి రాయిస్తుంటాడు, కొన్ని తానే రాస్తాడు. ఆ పని సాగుతుండగానే నేరస్తుల్ని తెచ్చి నిలబెడితే వాళ్ల సంగతీ తేల్చేస్తాడు.

ఈ ఆట ఆడినవాళ్లు ఎవరైనా ఇది చదివితే ఆ మనిషిని వెంటనే గుర్తుపడతారు. తెరమీద ఒక మూల పొరుగు రాజు నుంచి వచ్చిన సంధి కబురు, ఇంకో మూల గూఢచారి పంపిన సమాచారం, కింద ఒక ఊళ్లో అల్లరి, పైన కట్టుబడి పూర్తయిన గాదె. అన్నిటికీ ఒకే వంతులో జవాబు చెప్పాలి. మనం కంప్యూటర్ ముందు కూర్చుని చేసేది ఆయన గండికోటలో కాలివేళ్లతో చేశాడు.

ఆ తర్వాత ఏం జరిగిందో చూడండి. గెలిచిన కర్ణాటక సీమనంతా మీర్ జుమ్లా దాదాపు సొంత రాజ్యంలా ఏలుకోసాగాడు. సొంత సైన్యం, సొంత ఫిరంగులు, సొంత వజ్రాలు. సుల్తానుకు అనుమానం పట్టుకుంది. 1655లో మీర్ జుమ్లా కొడుకు దర్బారులో అమర్యాదగా ప్రవర్తించాడని కుటుంబంతో సహా బంధించారు. అప్పుడు దక్కనులో మొగలు సుబేదారుగా ఉన్న ఔరంగజేబు ఇలాంటి సందు కోసమే కాచుకుని ఉన్నాడు. మరుసటి ఏడాది గోల్కొండ మీదికి దండెత్తాడు. మీర్ జుమ్లా మొగలుల వైపు వెళ్లిపోయాడు, షాజహాను అతన్ని వజీరు చేశాడు. గోల్కొండకు గండికోటను తెచ్చిపెట్టిన మనిషే గోల్కొండ గుట్టంతా మూటగట్టుకుని అవతలికి పోయాడు. మా మేనల్లుడి మూడో సేనాని కథ ఇదే. కాకపోతే ఇక్కడ పట్టీలో అంకె ఎంత తగ్గిందో సుల్తానుకు చూపించే తెర లేదు.

ఈ ఆటలో చాలామందికి మొదట నచ్చేది త్సావ్ త్సావ్. పొరుగు రాజుల మధ్య తగవులు పెట్టే ఉపాయం అతనికి ప్రత్యేకంగా ఇచ్చారు. నా వరకు లియూ బే ఇష్టం. 190లో అతనికి సెంటు భూమి లేదు. ఇద్దరు మిత్రులు, కొద్దిపాటి దండు, అంతే. ఇలాంటివాడితో ఆడటం మనవాళ్లకు కొత్త కాదు. మన గుళ్ల మండపాల్లో బండల మీద గీసిన పులిజూదం గళ్లు చూసే ఉంటారు. మూడు పులులు, పదిహేను మేకలు. పులి మేకను దాటి చంపుతుంది. మేక పులిని చంపలేదు. కదలకుండా చుట్టూ కట్టేయగలదు, దానికి ఓపిక కావాలి, ఒక్కొక్క మేకనూ లెక్కపెట్టుకుంటూ నిలపాలి. రెండు పక్షాలకు రెండు రకాల బలం ఇచ్చి, రెండు రకాల గెలుపు పెట్టిన ఆట అది. మా జేజినాయన కాలం వాళ్లు సంత నుంచి వచ్చి చెట్టుకింద బొగ్గుతో గీసుకుని ఆడింది కూడా ఇదే. ఫోన్లో గబగబా అయిపోయే ఆటలకు అలవాటుపడిన పిల్లలు ఈ చైనా ఆటను నెమ్మది అని పక్కన పెట్టేస్తుంటారు. పులిజూదం తెలిసినవాళ్లు పెట్టేయరు.

ఇక నాకు తీరని కొరత ఒకటి చెప్తాను. ఈ ఆట 208 నాటి ఎర్రకొండల యుద్ధం, నదిమీద పడవలకు నిప్పుపెట్టిన ఆ మహాయుద్ధం దగ్గర నుంచి మొదలుపెట్టే వీలు లేకుండానే ఆగిపోయింది. 2021 మేలో కంపెనీ ఇక కొత్త భాగాలు రావని చెప్పింది. దానికి చాలామంది ఆటగాళ్లు బాధపడ్డారు, నేనూ పడ్డాను. కానీ నేను చెప్పే కొరత అది కాదు.

ఊరు లేదు ఈ ఆటలో. నగరముంది, ఇనుప గని ఉంది, పొలముంది. కానీ పొలం ఒక బొమ్మ. అందులోంచి ఏటా ఇంత ధాన్యం అని ఒక అంకె వస్తుంది. అది పండించే మనిషి జనాభా అనే ఇంకో అంకెలో కలిసిపోయాడు. కథంతా మొదలైందే తలకు పసుపు గుడ్డ చుట్టుకున్న రైతుల దగ్గర. వాళ్ల నాయకుల పక్షాన ఆడే భాగం ఒకటి విడిగా ఉంది. అందులోనూ మనం నడిపేది దండునే. చెరువు ఎండిన ఏడు ఆ మనిషి ఏం తిన్నాడు, ఎవరి దగ్గర అప్పు చేశాడు, ఏ నెలలో ఊరు వదిలాడు అనేది కనబడదు. పులివెందుల వైపు చీనీ తోట ఎండిపోతుంటే బోరు మీద బోరు వేసిన రైతును చూసినవాళ్లం మనం. నీళ్లు లేని సీమలో పుట్టినవాడికి, ధాన్యం అంకె ఎందుకు పడిపోయింది అన్న ప్రశ్నకు 'సైన్యం ఎక్కువైంది' అన్న ఒక్క జవాబు చాలదు.

మన దగ్గర ఆ జవాబుకు కావలసిన సరుకుంది. కల్నల్ మెకంజీ కోసం కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల లాంటివాళ్లు పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో ఊరూరా తిరిగి, కరణాల దగ్గర కవిలెలు చూసి రాయించిన కైఫియత్తులు ఉన్నాయి. గండికోటకూ ఉంది, చుట్టూ ఊళ్లకూ ఉన్నాయి. ఊరు ఎప్పుడు కట్టారు, చెరువు ఎవరు తవ్వించారు, గుడికి మాన్యం ఎంత, ఏ పాలెగాడు ఎన్నాళ్లు ఏలాడు, ఏ దండు వచ్చినప్పుడు ఊరు పాడుపడింది, మళ్లీ ఎవరొచ్చి కుదిరారు. రాజుల కథ మధ్యలో ఊరి కథ, కొన్నిచోట్ల దేవర కథ, కొన్నిచోట్ల ఒట్టి లెక్క. చైనా ఆట చేసినవాళ్లకు చెన్ షౌ దొరికాడు. ఆయన దొరల గురించి రాశాడు. మనవాళ్లు ఊళ్ల గురించి రాసిపెట్టారు. కడపలో బ్రౌన్ గ్రంథాలయానికి వెళ్తే ఈ సంగతులు తెలిసినవాళ్లు దొరుకుతారు.

ఇదంతా మా మేనల్లుడితో చెప్పాను. వాడికి ఉత్సాహం వచ్చింది. 1650 నాటి గండికోట మీద ఒక ఆట చేయాలని కాగితం మీద పెన్నానది గీశాడు, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు, మైలవరం గుర్తులు పెట్టాడు. అక్కడితో మా ఇద్దరికీ వాదన మొదలైంది. ఆడేవాడు చిన్న తిమ్మానాయుడు కావాలంటాడు వాడు. కోట కాపాడుకోవాలి, ముట్టడి తట్టుకోవాలి, పక్కనున్నవాళ్లలో ఎవడు అమ్ముడుపోతాడో కనిపెట్టాలి.

నేను అలా వద్దన్నాను. ఆడేవాడు కోట కింద నల్లరేగడి ఊళ్లో ఒక కరణం కావాలన్నాను. కోట నుంచి కబురొస్తుంది, గాదె నింపడానికి ఇన్ని పుట్ల జొన్నలు పంపమని. వారం తిరక్కముందే గోల్కొండ దండు ఊరిబయట దిగుతుంది. గుర్రాలకు మేత, మనుషులకు తిండి అడుగుతుంది. ఇస్తే నాయకుడి దృష్టిలో ద్రోహి. ఇవ్వకపోతే ఊరు తగలబడుతుంది. పాతరలో దాచిన విత్తనాల సంగతి ఊళ్లో నలుగురికే తెలుసు, అందులో ఒకడికి కరణం మీద పాత కోపం ఉంది. చెరువు కట్ట తెగేలా ఉంది, మనుషుల్ని కట్ట మీదికి పంపాలా, దండు బరువులు మోయడానికి పంపాలా? సాలెవాళ్లు మగ్గాలు విప్పుకుని ఊరు దాటిపోతామంటున్నారు, వాళ్లు పోతే పన్ను లెక్క ఎలా నింపాలి?

"బాగుండాది మామా, కానీ గెలుపు ఏంది? నాయుడు గెలిచినా కరణానికి ఒరిగేది లేదు, జుమ్లా గెలిచినా లేదు" అన్నాడు.

మరుసటి ఏరువాకకు ఊళ్లో ఎన్ని కాడెద్దులున్నాయి, ఎంత విత్తనముంది, ఎన్ని ఇళ్లలో పొయ్యి వెలుగుతోంది, అదే గెలుపు లెక్క అన్నాను. ఆ లెక్కతో ఎవరు ఆడతారు మామా అని వాడి అనుమానం. అయినా రెండూ పెడదాం, ఒకే పటం మీద ఒక ఆటగాడు నాయుడిగా, ఇంకొకడు కరణంగా ఆడేలా చేద్దామని ఇప్పుడు అంటున్నాడు. నాయుడు గాదె నింపమని హుకుం పంపితే అది అవతల ఇంట్లో కూర్చున్న కరణం తెరమీద పడాలి. కరణం ఎంత పంపాడో, ఎంత దాచాడో నాయుడికి తెలియకూడదు. అది ఎలా కుదురుతుందో నాకు తెలియదు, ప్రోగ్రాం రాసే పని వాడిది. ఏ ఊళ్లో ఏ చెరువు ఉండేదో, ఏ కాలంలో ఏ పైరు కోతకొచ్చేదో రాసివ్వడం నా పని అని ఒప్పుకున్నాను. ఈ చుట్టుపక్కల తమ ఊరి చెరువు గురించి, పాత గాదెల గురించి, పాతరల గురించి పెద్దవాళ్ల నోట విన్న సంగతులు ఎవరి దగ్గరైనా ఉంటే, మీ ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చునే పిల్లలకు ముందు అవి చెప్పండి.